పట్టికలో నాలుగో పేరు

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. పాపను తీసుకెళ్ళి అక్కడి బడిలో వేస్తానని అక్కకు రాశావట. దయచేసి బయల్దేరకు.

బడి తెరిచిన మొదటి వారం పాప మూడు రోజులు ఆలస్యంగా వెళ్ళిన మాట నిజమే. అక్క కుట్టుమిషన్ల షెడ్డుకు, బావ బస్సు డ్యూటీకి ఒకే వేళకు పరిగెత్తాలి. ఈ ఇంట్లో శ్రమ విభజన లేదని మండిపడి, నేనే ఒక పట్టిక రాసి గోడకు అంటించాను. అక్కకు వంట, బావకు పాప జడలు, పాపకు పుస్తకాల సంచి. పాప కూడబలుక్కుని చదివి, "మామయ్యా, నీ పేరేదీ?" అంది. బావ పకపకా నవ్వి, "మీ మామయ్య మేస్త్రీ అమ్మా, పని చెప్తాడంతే!" అన్నాడు. నన్ను మేస్త్రీ అంటాడా అని ఒళ్ళు మండింది గానీ, పట్టిక అడుగున నాలుగో పేరుగా నాది రాసుకున్నాను. కార్మిక సంఘం కరపత్రాలన్నీ చదివి, పని పంచేటప్పుడు నన్ను నేనే మరిచాను.

ఇప్పుడు గిన్నెలు తోమేది, పాపను బడిలో దింపేది నేనే. రెండు వారాలుగా ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. జడ సాయంత్రందాకా ఊడకుండా ఎలా అల్లాలో బావకు రాయి. నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు. గిన్నెలు నానుతున్నాయి, ఉంటాను.

నీ కొడుకు,
పట్టికలో నాలుగోవాడు