మసి గంగాళం

1958 ఏప్రిల్, శుక్రవారం రాత్రి

ఈ రోజు అత్త నా గంగాళాన్ని తోమేసింది. ఇన్నాళ్లూ దాని మసి తీయకుండా నీళ్లు నింపి, మూత వేసి పెరట్లో బండ మీద ఎండకు పెట్టేదాన్ని. నల్లటి పాత్ర త్వరగా కాగుతుంది. సాయంత్రానికి అత్త మోకాళ్లకు వేడి నీళ్లు సిద్ధం. లేకపోతే నీళ్లు కాచే కట్టెలకు ఈ కరువులో గుట్టదాకా పోవాలి. నాకేమో ఐదో నెల. కట్టెలకు పోలేనని అత్తకు చెప్పడానికి నోరు రాలేదు.

"మసి తోమేదానికి కూడా బద్ధకమా? చూసినోళ్లు నవ్వుతాండారు" అంటూ చింతపండుతో తళతళలాడించింది.

సాయంత్రం నీళ్లు పోసుకుని అరిచింది. "ఏమే, సల్లగుండాయి! పొయ్యి యెలిగించలేదా?"

"నీళ్లకు ఎప్పుడూ యెలిగించలేదత్తా. మసికి ఎండ తగిలి కాగుతాండె. కట్టెలకు పోలేకపోతాండా" అన్నాను, తలెత్తకుండా.

అత్త చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. రేపు గుట్టకు పొమ్మంటుందేమోనని నాకు అన్నం సయించలేదు.

ఇందాక పెరట్లోకి తొంగి చూశాను. గంగాళం బోర్లించి, అత్త పొయ్యి మసిని ఆముదంలో కలిపి పూస్తోంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"ఏం చూస్తాండావు? బిడ్డ పుట్టేదాకా దీనికి చింతపండు చూపించొద్దు. పో, పడుకో."