తూర్పు పక్క సముద్రం

శశికుమార్ సార్‌కు, మీ ఎనిమిదో తరగతి హేమావతి నాయన రాయదుర్గం నుంచి నమస్కరించి రాసేది.

మన రాష్ట్రానికి సముద్రం పడమటి పక్క ఉందని పాప క్లాసులో మీతో వాదించిందట. మీరు కాదన్నా వినలేదట. పిల్లలంతా నవ్వారట. సెలవులకు ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇక బడికి పోనంటోంది.

సార్, తప్పు నాది. చూపు లేని బిడ్డకు పటం చేతికైనా తెలియాలని నేనే ఒకటి చేసి ఇచ్చాను. నేను జీన్స్ ప్యాంట్లు కుట్టేవాణ్ణి. మందపాటి అట్ట మీద పటం గీసి, దారం లేకుండా మిషన్ సూది నడిపాను. అట్ట వెనక చుక్కలు బుడిపెల్లా లేచాయి. పాప తడిమేది ఆ వెనక పక్కనే. అట్ట తిప్పితే కుడి ఎడమవుతుందని నాకు తట్టలేదు.

నిన్న ఆ సంగతి చెప్పాను.

"నువ్వు చేసింది తప్పెట్లయితాది అనుకుంటి నాయనా. అందుకే సార్‌తో అంత కొట్లాడినా" అంది.

కాసేపటికి తనే ఇంకోటి చెయ్యమంది. ఈసారి తిరగేసి గీసి కుట్టాను. "సముద్రం ఈ పక్కుండాదా!" అంటూ తీరం పొడుగునా చాలాసేపు వేలు నడిపింది.

వచ్చే సోమవారం ఇద్దరం వస్తాం. అయితే పాప ఒక మాట అడిగింది. "నేను సరిగ్గానే చదివినా, పటమే తప్పని అందరికీ చెప్పల్ల" అంది. దయచేసి ఈ ఉత్తరం క్లాసులో గట్టిగా చదవండి. మీరు చదివేదాకా పాప వరండాలోనే నిలబడుతుందట. నేనూ పక్కనే ఉంటాను.