ఒక్కసారి తిట్టమనండి

విచారణాధికారిణి థోర్వాల్డ్‌సన్ గారికి,

మన విన్నిపెగ్ గోదాములో సరుకు పోయినదానికీ నాకూ సంబంధం లేదని తేల్చారు. సంతోషం. కానీ అందుకోసం తెరిచిన నా ఆఫీసు ఫోనులో డాక్టరుగారికి రాసుకున్న మాటలూ ఉన్నాయి. పొద్దున్నే మంచం దిగాలంటే భయమని రాశాను. అవి మా సూపర్‌వైజరు లాయిడ్‌కు కూడా పంపారు.

ఇదివరకు నేను ఆలస్యంగా వస్తే, "ఏమయ్యా, మంచం వదల్లేదా నిన్ను?" అని ఆయన అందరి ముందూ అరిచేవారు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడేమో, "నిదానంగా రండి, తొందరేం లేదు" అంటున్నారు. భోజనాల బల్ల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

ఆ మాటలన్నీ చెరిపేశామని రాశారు. కంప్యూటర్లోంచి పోయే ఉంటాయి. లాయిడ్ గొంతులోంచి పోలేదు.

దయచేసి నన్ను ఒక్కసారి గట్టిగా తిట్టమని ఆయనకు చెప్పండి. సోమవారం కావాలనే ఆలస్యంగా వస్తాను.

మీరు పూర్తిగా చదివేసిన,
మూడో షెడ్డు ఉద్యోగి