ఎర్రగీత గీసిన మాట

ప్రియమైన మీకు,

మేమిద్దరం బాగానే ఉన్నాం. మన పిచ్చుకకి బళ్లో ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారు. మార్కులు బాగున్నాయి గానీ, అడుగున టీచర్ ఇంగ్లీషులో గొలుసుకట్టుగా ఏదో రాసి, ఒక్క మాట కింద ఎర్రగీత గీసింది. పిల్లనడిగితే తల దించుకుంటుంది తప్ప పెదవి విప్పదు. మా కుట్టు సెంటర్‌లో ఎవరికైనా చూపిస్తే పిల్ల పరువు పోతుందేమోనని భయం. ఆ గీత గీసిన మాట ఉన్నదున్నట్టు దింపి పంపుతున్నాను. ఏం తప్పు చేసిందో ఏమో, నాకు తిండి సయించడం లేదు.

ఏమీ తోచని మీ ఆవిడ

*

ప్రియమైన ఇల్లాలికి,

ఆ మాట రిలక్టెంట్. మా రంగుల కార్ఖానాలో ఎవరికీ తెలియదు. నాతో గదిలో ఉండే వడ్రంగి దగ్గర ఇంగ్లీషు మాటలకి ఉర్దూ అర్థాలిచ్చే నిఘంటువు ఉంది. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు ఉర్దూ రాదు. నేను కూడబలుక్కుని మాట పట్టుకుంటే, పక్కనున్నది ఆయన చదివాడు: నారజామంద్. గుడ్డివాడూ కుంటివాడూ కలిసి ఊరు చేరినట్టయింది. రజామంద్ అంటే ఒప్పుకున్నవాడట, ఇది ఒప్పుకోనివాడు. నా బుర్రకెక్కలేదంటే విడమరిచాడు. "సెలవురోజు పనికి రమ్మంటే వెళ్తాం కదా, మనసొప్పదు, కాళ్ళు సాగవు. అదే."

బడివాళ్ళు రాశారంటే చదువు గురించే అయ్యుండాలి. మరి మార్కులెలా వచ్చాయో అంతుపట్టడం లేదు. ఏదేమైనా ఆటలు కట్టిపెట్టించు.

తల గోక్కుంటున్న మీ ఆయన

*

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే పదిరోజులు ఆట మాన్పించాను. నోరు మెదపకుండా చదివింది. చదువు ఇష్టంలేని పిల్ల ఇలా చదువుతుందా అని తికమకపడి, నిన్న బడికి వెళ్ళాను. టీచర్ వాక్యమంతా చదివి చెప్పింది. చదువు ఊసే లేదు. ఇంటికి వెళ్ళడానికి మనసొప్పడం లేదని రాసిందట. ఒక్క మాటే పంపి మిమ్మల్ని తప్పుదారి పట్టించాను, పిల్లని ఊరికే ఏడిపించాను.

బడి వదిలాక గంటసేపు గేటు దగ్గరే నిలబడుతుందట. వాచ్‌మన్ బతిమాలితే గానీ కదలదట. నేను సెంటర్ నుంచి వచ్చేసరికి ఇంట్లోనే ఉంటుంది కదా, నాకు తెలియలేదు. దగ్గరికి తీసుకుని అడిగితే చెప్పింది. "సాయంత్రం తనొచ్చి తీసుకెళ్తానని, గేటు దగ్గరే ఉండమన్నాడు నాన్న. నేను లేనప్పుడు వస్తే ఎలాగమ్మా?"

ఊరెళ్ళిన రోజు పొద్దున, ఏడుస్తుందని అలా చెప్పి వెళ్ళారా? మీరు దూరం పనికెళ్ళారని నేనెన్నిసార్లు చెప్పినా మీ మాటే పట్టుకుని కూర్చుంది. మీ మీద కోపంగానూ ఉంది, జాలిగానూ ఉంది. మీరెక్కడున్నారో, ఎప్పుడొస్తారో దాని పేరు మీదే ఉత్తరం రాయండి, దానికర్థమయ్యే మాటల్లో. ఆ ఉత్తరం వచ్చేదాకా సాయంత్రం పని మానేసి, నేనూ దాని పక్కన గేటు దగ్గర నిలబడతాను.

మీ ఆవిడ