కాపలా పుస్తకం

పెర్కిట్, ఆర్మూర్
14 మే 2019, మంగళవారం

బిడ్డ నీలవ్వకు,

మీ గంగాకిషన్ కాక ఆశీస్సులు. ఎనభై ఎనిమిదేళ్లకు నా కాళ్ల మీద నేను నడుస్తున్నాను. క్షేమం అంటే అంతే. నీ మోకాలు ఎట్లుందో దీపతో ఫోన్ చేయించు. దీప టీచర్, పక్కింటి ముసలమ్మ కోసం దరఖాస్తు నింపి ఇన్నిసార్లు తిరిగావు, నీకు నమస్తే. ఈ ఉత్తరం ఏ మాటా వదలకుండా ఆమెకు చదివి వినిపించు.

సోమవారం పదకొండు గంటలకు నీ దరఖాస్తు మీద విచారణ అని నోటీసు నాకూ అందింది. సాక్షి అని నా పేరు వేశారు. మీ నాయన ముత్తెన్న బతికుండగా పెట్టుకున్న సమరయోధుల పింఛను దరఖాస్తులో సాక్షి చోటు ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ వల్లే అది అప్పట్లో ఆగిపోయింది. ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. నువ్వు అడిగావు.

ఈసారి ఎండలకు పోచంపాడ్ డ్యాం నీళ్లు బాగా వెనక్కి పోయాయి. మునిగిన మన పాత ఊరి బురుజు తల బయటపడిందని చేపలు పట్టేవాళ్లు చెబితే ఆదివారం ఆటో కట్టించుకుని దొంకేశ్వర్ దిక్కు పోయి చూశాను. గొంతు దాకా నీళ్లలో నిలబడ్డ మనిషిలా ఉంది. ఎక్కువ సేపు ఉండలేదు.

నిన్న మల్లేష్ వచ్చాడు. పోచవ్వ మనవడు, ఇప్పుడు మన ముంపు సంఘానికి పెద్ద. ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, నా కాళ్లు మొక్కి కూర్చున్నాడు. “తాతా, నువ్వంటె మాకు మస్తు ఇజ్జత్. గా కాపలా పుస్తకం నీ కాడనే ఉన్నదట గద. సోమారం గది పట్టుకరా. గా దినం కాపలా ఎవనిదో సారుకు సూపెడితె సాలు” అన్నాడు. వెనక నిలబడ్డ రాహుల్ అనేవాడు నవ్వి, “కావలి ఇడిసి ఉరికినోని బిడ్డకు పింఛినట. గట్లయితె సచ్చినోళ్లకు ఏమియ్యాలె, పుట్నాలా?” అన్నాడు. మల్లేష్ వాణ్ణి కసిరాడు. కానీ లేచి పోతూ, “జక్రాన్‌పల్లిల ఉన్న గా ముత్తెన్న బిడ్డకు చెప్పు తాతా, జర ఫికర్ చెయ్యొద్దని. మేమేం అనం. కాయితమే అంటది” అన్నాడు. మెల్లగా అన్నాడు. ఆ మెల్లదనమే నాకు నచ్చలేదు.

ఆ రోజు సంగతి నీకు ఊరు చెప్పిన మాటగానే తెలుసు. 1948 మాఘం. నీకు రెండేళ్లు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని పదిహేను మందిమి దళం కట్టుకున్నాం. రెండు నాటు తుపాకులు, మిగిలినవి కట్టెలు, వడిసెలలు. ముత్తెన్న మాకు పెద్ద. అక్షరం వచ్చినవాడు ఆయన ఒక్కడే కాబట్టి ఎవరి కాపలా ఎప్పుడో ఒక పుస్తకంలో రాసేవాడు. బురుజు మీద నిప్పు ఎప్పుడూ ఆరనిచ్చేవాళ్లం కాదు. బాట మీద లారీ దుమ్ము కనిపిస్తే, కాపలావాడు నానేసిన పసుపాకు ఆ నిప్పు మీద వేయాలి. తెల్లటి పొగ లేస్తుంది. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని గోదావరి రేవుకు దిగిపోవాలి. నాలుగు సార్లు ఆ పొగే ఊరిని కాపాడింది. ఐదోసారి పొగ లేవలేదు.

పట్టపగలు. కల్లాల్లో పసుపు ఉడుకుతోంది. లారీ ఊరి నడుమకు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. తొమ్మిది మంది పోయారు. అందులో పోచవ్వ పెనిమిటి, ఇద్దరు బిడ్డలు. తెల్లవారి పట్వారీ కాపలా పుస్తకం తెరిచి అందరి ముందూ చదివాడు. ముత్తెన్న అని చదివాడు. ముత్తెన్న తల వంచుకుని, “నాదే” అన్నాడు.

ఆయన్ని కొట్టలేదు, చంపలేదు. మన ఊళ్లో పెళ్లికి ఐదిళ్ల పసుపు కలిపి దంచేవాళ్లు గదా. ఆ ఏటి నుంచి మీ ఇంటి పసుపు ఏ పెళ్లిలోనూ కలవలేదు. మీ గడపకు పసుపు తెచ్చినవాళ్లూ లేరు. మీరు జక్రాన్‌పల్లికి పోయినా ఆ మాట మీకంటే ముందే పోయింది. దీప నీ దరఖాస్తులో ‘అవివాహిత’ అని రాసింది. పెళ్లికాని బిడ్డకైతే పింఛను వస్తుందట. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఊరు విడిచి పోయే రోజు ముత్తెన్న ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, “ఉంచుకోరా. సదువొచ్చినంక సూడు” అన్నాడు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోస్తూ, వాటి మీది మార్కాలు చూసి మూడేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పుస్తకంలో మిగిలిన కాగితాల్లోనే మొదలుపెట్టి రోజుకొక లైను రాస్తున్నాను. ఎండ, వాన, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు. ఇప్పటికి నలభై పుస్తకాలయ్యాయి. ఒక్క లైను కూడా కొట్టేయలేదు. మొదటిది పసుపు గుడ్డలో చుట్టి పెట్టాను, చెదలు ముట్టలేదు.

“అంత రాతొచ్చిన నాయిన నాకు ఓనమాలు ఎందుకు నేర్పలే కాకా” అని మొన్న ఫోన్లో అడిగావు. ఆ పుస్తకం తర్వాత ఆయన మళ్లీ కలం పట్టలేదు. నాకు తెలిసింది అంతే.

సోమవారం ఒంటరిగా రాకు. మల్లేష్ వాళ్లు ముందే వచ్చి కూర్చుంటారు. ఎవరు ఏమన్నా జవాబు చెప్పకు. పుస్తకం నేను తెస్తాను.

ఇట్లు,
మీ కాక
గంగాకిషన్

తాజాకలం: సంతకం పెట్టి, కాగితం మడిచి, మళ్లీ విప్పాను. నేనూ ఊరు చెప్పినట్టే చెప్పాను. డెబ్బై ఒక్క ఏళ్లుగా అంతే. నాకు తెలిసింది అంతే అని రాశాను చూడు, అది అబద్ధం.

ఆ రోజు కాపలా నాది. నాకు పదిహేడేళ్లు. మా కల్లం బురుజు కిందనే. “రొట్టె సల్లగైతున్నది, తిని పోరా” అని మా అవ్వ పిలిచింది. దిగాను. ఒక్క రొట్టె తిన్నంత సేపే.

పట్వారీ ముత్తెన్న పేరు చదివినప్పుడు నాకు అక్షరం రాదు. పుస్తకం తప్పు చెప్పదు, నేనే వంతు మరిచానేమో అనుకున్నాను. మూడేళ్లు అట్లా అనుకోగలిగాను. చదువు వచ్చాక ఆ కాగితం తెరిచాను. ముత్తెన్న పేరు పక్కన సిరాతో కొట్టేసిన ఒక పేరుంది. అది నాది. ఆ సాయంత్రం శవాలు ఇంకా వాకిట్లో ఉండగానే ఆయన కూర్చుని అది దిద్ది ఉంటాడు. పట్వారీ ఆ కొట్టివేత చూడలేదో, చూసి ఊరుకున్నాడో తెలియదు. నేనైతే చూసి ఊరుకున్నాను. తర్వాత అదే దళం పేరు మీద నేను పింఛను పెట్టుకున్నాను. నాకు వచ్చింది. ఏం పని చేశావని అడిగిన చోట కాపలా అని రాయించాను.

పుస్తకం నేను తేవడం లేదు. ఈ ఉత్తరంతో పాటే రిజిస్టర్ పోస్టులో నీకు పంపుతున్నాను. పుస్తకం ఎటు పోతుందోనని కాబోలు, పొద్దుటి నుంచి మా సందు మూలన రాహుల్, ఇంకో ఇద్దరు బండ్ల మీద కూర్చుని ఉన్నారు. పోస్టాఫీసుకు వాళ్ల ముందు నుంచే పోవాలి. చేతిలో మందుల సంచి ఉంటుంది, అడుగున పుస్తకం ఉంటుంది. బతికుంటే సోమవారం నోటితో నేనే చెబుతాను. మల్లేష్ ముఖం చూసే చెబుతాను. నేను రాకపోతే దీప ఆ కాగితం తెరిచి కిటికీ వెలుగుకు పట్టి సారుకు చూపించాలి. సిరా కింద నా పేరు ఇంకా కనిపిస్తుంది.

క్షమించమని అడగను బిడ్డా. అడిగే వయసు ఎప్పుడో దాటింది.

ఇవాళ్టి లైను రాసేశాను: ఎండ. నీలవ్వకు ఉత్తరం. కాపలా నాది. దిగను.