నా భార్య నాకు నకలు కాదని మనవి

కంటి ఆసుపత్రి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: రోగుల పట్టికలో నా భార్యను నకలుగా భావించి తొలగించుట – శుక్రవారములోగా పునరుద్ధరించుట – గురించి.

1. నా భార్య కుడికంటి శుక్లమునకు వచ్చే శుక్రవారము శస్త్రచికిత్స నిర్ణయమైయున్నది. నిన్న తమ కార్యాలయము నుండి ఫోను వచ్చినది. ఖాళీ కడుపుతో రావలసినది ఆమె కాదట, నేనట. కళ్ళజోడు కొరకు ఒకసారి తమవద్ద పేరు వ్రాయించుకొంటినే తప్ప, నా కళ్ళు నిక్షేపముగా ఉన్నవి.

2. విచారించగా తేలినదేమనగా, తమ కంప్యూటరు పట్టికకు ప్రైమరీ కీ, అనగా ఏ ఇద్దరికీ ఒకటి కారాని గుర్తు, పెట్టదలచిరి. ఫోను నంబరును, పుట్టినతేదీని కలిపి ఆ గుర్తుగా ఎంచిరి. ఆ రెండూ కలిసిన వరుసలలో మొదటిది ఉంచి, తక్కినవి తుడిచివేసి, వాటిలోని చికిత్సలను ఆ మొదటిదానికే తగిలించిరి.

3. మా ఇంట ఫోను ఒక్కటే. ఇక పుట్టినతేదీ సంగతి. మమ్మిద్దరినీ ఒకే బడిలో చేర్చుకొన్న ప్రధానోపాధ్యాయులు, తేదీ తెలియని పిల్లలందరికీ బడి తెరిచిన రోజునే వ్రాసెడివారు. ఆ లెక్కన మా తరగతి మొత్తము కవలలమే.

4. తమ ఆపరేటరును "పేర్లు వేరు కదా నాయనా" అని అడిగితిని.

"పేర్లు చూస్తే పనవదు మాస్టారూ. ఒకే మనిషిని మావాళ్ళే నాలుగు రకాలుగా కొడతారు."

"ఒకరు పురుషుడు, మరొకరు స్త్రీ."

"ఆ కాలమ్ సగంమందికి ఖాళీ అండి."

ఇంటికి వచ్చి చెప్పగా నా భార్య పడిపడి నవ్వినది. "మీరిద్దరూ ఇక ఒక్కటేనని పెళ్ళిలో అందరూ అన్నారు. పట్టించుకున్నది ఆ కంప్యూటరొక్కటే" అన్నది. నవ్వుతూనే, మంచినీళ్ళ గ్లాసనుకొని నా సిరాబుడ్డిని అందుకొన్నది.

కావున, పాత పట్టిక ప్రతి భద్రముగా ఉన్నదని ఆపరేటరే చెప్పెను గనుక, దానినుండి ఆమె వరుసను తిరిగి చేర్చి, ప్రతి వరుసకూ వేరు క్రమసంఖ్యనిచ్చి దానినే కీగా ఉంచి, అనుమానమున్న వరుసలను తుడుచుటకు ముందు ఆ మనుషులను ఒక్కమాట అడుగవలెనని ప్రార్థన. ఇద్దరు పిల్లల జవాబులు ఒకటైనప్పుడు నేను ఇద్దరినీ పిలిచి అడిగితినే తప్ప, ఒక పిల్లవానిని చెరిపివేయలేదు.

మమ్మిద్దరినీ వేర్వేరుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు (ఏకవచనము)

తా.క.: ఇది చదివి వినిపించగా, "ఈ గ్రాంథికం ఆయనకి అరిగేలోపు శుక్రవారం వెళ్ళిపోతుంది. రేపు పదండి, ఇద్దరం వెళ్ళి ఎదురుగా నిలబడదాం" అంటోంది. పొద్దున్నే వస్తున్నాం సార్. లెక్కపెట్టుకోండి.