కుడి వంపు

అక్టోబరు 5

ఎడమ వంపు: ఇరవైకి పదిహేడు. కుడి వంపు: ఇరవైకి సున్నా.

ఈ నోట్‌బుక్ కొత్తది కాబట్టి మొదటి నుంచి రాసుకుంటాను. పరీక్ష డిసెంబరు 6న, బెంగుళూరు అవతల ఒక చెరువు దగ్గర. ఫ్లై కాస్టింగ్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష. చేపలు పట్టే ఫ్లై రాడ్‌తో దాని దారం, అంటే లైను, విసరడం వస్తే చాలదు, ఇంకొకరికి నేర్పడం వచ్చని కూడా చూపించాలి. పోయిన ఏడాది అన్నీ పాసయ్యాను, కుడి వైపు కర్వ్ కాస్ట్, అంటే ఈ కుడి వంపు, ఒక్కటి తప్ప. ఎగ్జామినర్ ఏడాదికి ఒకసారే వస్తాడు. రెండోసారీ తప్పితే మూడేళ్ళు ఆగి, అంతా మళ్ళీ మొదటి నుంచి. నాకిప్పుడు యాభై నాలుగు.

మధ్యలో ఒక అడ్డం ఉంటుంది. పరీక్షలో అయితే కోను, నాకు నీలం బకెట్టు. లైను ఆ అడ్డం పక్కనుంచి పోయి, కొస మాత్రం వంపు తిరిగి దాని వెనక పడాలి. తాకకూడదు. హుక్కు ఉండదు, కొసకు ఎర్ర నూలు కుచ్చు ఉంటుంది.

నీళ్ళు లేవు, చేప లేదు, గాలం కూడా లేకపాయె, ఇదేం పరీక్షనో అన్నాడు మా ఆయన ఎజ్రా. అంటూనే బకెట్టు గ్రౌండు దాకా మోసుకొచ్చాడు.

అక్టోబరు 8

బెంగుళూరు నుంచి కేథరిన్ మేడం వీడియో కాల్. రెండేళ్ళ కిందట మా అమ్మాయి సుప్రియ నేను లైను విసిరే వీడియో ఒకటి ఫోన్లో పెడితే, చూసి తనంతట తానే ఫోన్ చేసిన మనిషి. అప్పటినుంచి నేర్పుతోంది. ఇప్పుడు నేను వాడే రాడ్ ఆమెదే.

ఈరోజు నా కుడి వంపులు ఆరు చూసి నవ్వింది. మీ తప్పు ఒకటే గ్రేస్ గారూ, మీరు పూర్తి చేస్తున్నారు అంది.

ఎడమ వంపుకు రాడ్‌ను పక్కకు వాల్చి, కావలసిన దానికంటే ఎక్కువ బలం ఇచ్చి టక్కున ఆపాలి. కొస ఎడమకు కొట్టుకుంటుంది. అది నాకు వస్తుంది. కుడి వంపుకు కూడా రాడ్ అట్లాగే వాల్చాలి కానీ బలం తక్కువ ఇవ్వాలి. లైను ఇంకా విప్పుకుంటూ ఉండగానే నేలకు వదిలేయాలి. సగంలో ఆగిపోయిన ఆ సగమే వంపు.

సగంలో వదిలేయడం. నేను పొయ్యి మీద పాలు వదిలి గేటు దాకా పోను. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పూట కూడా సింకులో గిన్నె మిగల్చలేదు. చెయ్యి దానంతట అదే చివరిదాకా పోతుంది, లైను కొరడాలాగా తిన్నగా పడుతుంది.

అక్టోబరు 9

సున్నా.

అక్టోబరు 19

చర్చి అయ్యాక అటకమీద నుంచి నాయన రాడ్ దించాను. వెదురు రాడ్, మూడు ముక్కలు. పాత పంచెలోనే చుట్టి ఉంది. విప్పగానే ఆ వార్నిష్ వాసన వచ్చింది. కాసేపు కింద కూర్చున్నాను.

నాయన పేరు నతానియేలు. కంభంలో మిషన్ బంగళాకు ఎద్దులబండి తోలేవాడు. అక్కడుండే దొరసాని సాయంత్రాలు కంభం చెరువుకు పోయి ఈ రాడ్‌తో చేపలు పట్టేది. నాయన బుట్ట మోసేవాడు. మోస్తూ మోస్తూ నేర్చుకున్నాడు. తర్వాత తర్వాత దొరసాని బుట్ట దగ్గర కూర్చుని, నాయన విసురుతుంటే చూసేదట. తన దేశానికి వెళ్ళిపోయేటప్పుడు రాడ్ ఆయనకే ఇచ్చింది. నతానియేలుకు ఈ పని వచ్చు, ఇతను ఇంకొకరికి నేర్పగలడు అని కాగితం రాసి పంపిస్తానంది. ఆ కాగితం ఉంటే బంగళాకు వచ్చే కొత్తవాళ్ళు బుట్ట మోయమనరు, నేర్పమంటారు అని నాయన ఆశ. రెండేళ్ళు పోస్టుమాన్‌ను అడిగాడు. ఆ తర్వాత అడగలేదు. బుట్ట మోస్తూనే ఉన్నాడు.

కోత అయిపోయిన జొన్న చేలో సాయంత్రం పూట ఊరికే విసురుకునేవాడు. చేను గట్టున ఒక నాగజెముడు పొద ఉండేది. నాకు ఏడేళ్ళు. నన్ను ఆ పొద వెనక కూర్చోమనేవాడు. పొద నా కంటే ఎత్తు, అవతల నాయన కనిపించడు. వినిపిస్తాడు. దూరంగా మిట్ట మీద నుంచి అమ్మ కేకేసేది, ఓయ్, కట్టెలు కొడతానని సగం కొట్టి యాడికి పోతివి అని. ఇదో వస్తాండా అని నాయన పలికేవాడు. అదే క్షణంలో ముళ్ళ పక్కనుంచి ఎర్ర కుచ్చు వంపు తిరిగి వచ్చి నా ఒళ్ళో పడేది. ఒక్క ముల్లు కూడా కదిలేది కాదు.

ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి. రెండూ వచ్చు ఆయనకు.

నా కర్మ ఏమిటంటే, కుచ్చు పడటమే చూశాను. చెయ్యి ఏం చేసిందో పొద వెనక నుంచి ఎట్లా కనిపిస్తుంది?

ఆ కాగితం నాకు కావాలి. నా పేరుతో అయినా సరే.

అక్టోబరు 28

మూడు రోజులుగా వాన. వరండాలో పొట్టి కర్రకు ఉన్ని దారం కట్టి ప్రాక్టీసు. బల్బు పగిలింది. ఎజ్రా నిచ్చెన తెచ్చి కొత్తది వేసి, దీనికి కూడా పక్కనుంచే పోవాల్నా అని అడిగాడు.

నవంబరు 3

గ్రౌండు అంటే మా వీధి చివర ఖాళీ స్థలం. ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ వాళ్ళు పనికిరాని ముక్కలు పోసేవాళ్ళు. పలక ముక్క అంచు తగిలితే లైను తెగుతుంది కాబట్టి, ఏడడుగుల వెడల్పున నలభై అడుగుల దాకా ముక్కలన్నీ ఏరేశాను. పగలని పలక ఒకటి దొరికితే లెక్క రాసుకోవడానికి పెట్టుకున్నాను. ఎన్ని వేశాను, ఎన్ని పడ్డాయి అని సుద్దతో గీతలు గీస్తాను, ఇంటికి వచ్చి ఇక్కడ ఎక్కించి, పలక తుడిచేస్తాను.

ఈరోజు శంకరమ్మ మేకలతో వచ్చింది. అర్ధవీడు పక్క అడవిలో, తేనె, ఉసిరికాయలు తెచ్చి అమ్ముకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఇప్పుడు ఇక్కడ కూతురి దగ్గర ఉండి ఆరు మేకలు మేపుతుంది. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది.

ఏంది గ్రేసక్కా, పోయినేడు గూడా ఈ బకెట్నే కొట్టలేక పోతివి గదా అంది.

కొట్టకూడదు శంకరమ్మా, కొట్టకుండా పోవాలి అన్నాను.

కొట్టకుండా ఉండేదానికి ఇంత ఆయాసమా, నేను పొద్దున్నించి కొట్టకుండానే కూర్చోనుండా గదా అంది.

కుడి: ఇరవైకి ఒకటి. ఆ ఒక్కటి నవ్వుతూ వేసింది, లెక్కలోకి రాదు.

నవంబరు 12

ఒకటి. సున్నా. సున్నా. రెండు. ఇవి నాలుగు రోజులవి. ఇక ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి. భుజం నొప్పి. కాపడం పెట్టుకున్నాను.

నవంబరు 15, సాయంత్రం ఆరు

వరసగా రాయాలి, లేకపోతే తప్పిపోతుంది.

పరీక్షలో నేర్పడం కూడా చూపించాలి కదా, అందుకని ఈరోజు శంకరమ్మను నా స్టూడెంటుగా ఉండమన్నాను. నాకు చదువు రాదక్కా అంది. ఇది చదువు కాదన్నాను. అయితే రానీ అని చీర కుచ్చిళ్ళు దోపుకుని రాడ్ పట్టుకుంది. గంటసేపు చెప్పాను. వెనక్కి, ఆగు, ముందుకు, ఆగు. అడవిలో పెరిగిన చెయ్యి, తొందరగానే పట్టుకుంది. అప్పుడు కుడి వంపు చెప్పాను. నాకు రానిదాన్ని మేడం మాటలతోనే అప్పజెప్పాను.

శంకరమ్మ రాడ్ పక్కకు వాల్చి వెనక్కి విసిరింది. ముందుకు తెచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె బొల్లి మేక, పక్కనున్న జాకబ్ వాళ్ళ కంది చేలో దూరింది. ఓసి దీని నోరు పడ, రాయే బయటికి, జాకబన్న చూసినాడంటే నిన్ను కాదే నన్ను కట్టేస్తాడు అని అటు తిరిగి కేకేసింది. చేతిలో రాడ్ ఉందన్న సంగతే మరిచిపోయింది.

లైను గాలిలో సగం విప్పుకుని, ఇక చాలన్నట్టు మెల్లగా వాలింది. బకెట్టుకు ఎడమగా పోయి, కొస కుడికి తిరిగి, ఎర్ర కుచ్చు బకెట్టు వెనక పడింది.

శంకరమ్మ రాడ్ నా చేతిలో పెట్టి మేక వెనక పరిగెత్తింది. నేను బకెట్టు దాకా నడిచిపోయి దాని వెనక కూర్చున్నాను. బకెట్టు మోకాలి ఎత్తు కూడా లేదు. అయినా కూర్చున్నాను.

ఇదో వస్తాండా.

కుడి నుంచి కుచ్చు వచ్చిన ప్రతిసారీ ఆ మాట ముందు వినిపించేది. నాయన అప్పుడు పొద వైపు చూడటం లేదు. అమ్మ వైపు తిరిగి ఉన్నాడు. ఆయన ఏ పనీ తుదిదాకా చెయ్యడని అమ్మ జీవితమంతా తిట్టింది. సగం కొట్టిన కట్టెలు, సగం కట్టిన దడి, సగం పాడి ఆపేసిన కీర్తన. ఆయనలా ఉండకూడదని చిన్నప్పుడే అనుకున్నాను నేను. అట్లా ఉండకుండానే యాభై నాలుగేళ్ళు వచ్చాయి.

శంకరమ్మ తిరిగి వచ్చి, ఏందక్కా కింద కూర్చున్నావు, తేలు గానీ కుట్టిందా అంది.

నవంబరు 16

ఎవరో పిలిచినట్టు అనుకుని వేశాను. ఇరవైకి నాలుగు.

నవంబరు 22

తొమ్మిది. కేథరిన్ మేడం వీడియో చూసి, విసిరేటప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగింది. మా అమ్మతో అన్నాను.

నవంబరు 30

పదకొండు. శంకరమ్మకు పద్నాలుగు. మేక లేకుండానే.

డిసెంబరు 5

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాం. ఎజ్రా రాడ్ ట్యూబును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. కంభం స్టేషన్లో రెండు నిమిషాలు ఆగింది. చెరువు అక్కడికి కనిపించదు. అయినా కిటికీ తలుపు ఎత్తి ఉంచాను. గిద్దలూరు దాటాక దించాను.

డిసెంబరు 6

మిగతావన్నీ మధ్యాహ్నంలోపు అయిపోయాయి. ఎడమ వంపు మొదటి దెబ్బకే. కుడికి మూడు అవకాశాలు, ఒకటి పడితే చాలు.

మొదటిది తిన్నగా. రెండోది తిన్నగా. గ్రౌండులో పదకొండు పడ్డ చెయ్యి ఇక్కడ మళ్ళీ అన్నీ పూర్తి చేసుకుంటూ పోయింది. అమ్మ గొంతు కోసం వెతికాను. రాలేదు.

ఎగ్జామినర్ తెల్లాయన, పెద్దవాడు, టోపీ తీయడు. మూడోది మొదలుపెట్టాను. లైను వెనక్కి పోయి ముందుకు వస్తూ ఉండగా ఒక ప్రశ్న అడిగాడు, కుడి వంపు ఎంతకీ రాని స్టూడెంటుకు ఏం చెబుతావు అని. ఇంగ్లీషు వెతుక్కునే టైము లేదు. ఆయన వైపు తిరిగి తెలుగులోనే చెప్పాను. నీకోసం ఎవరో ఎదురుచూస్తున్నారమ్మా, దీన్ని ఇక్కడ వదిలిపెట్టి పో అంటాను అని.

చెప్పడం అయ్యాక చూస్తే, నా పరీక్ష చూడటానికి వచ్చిన కేథరిన్ మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఎగ్జామినర్ కోను దాకా నడిచిపోయి, వంగి, దాని వెనక పడ్డ ఎర్ర కుచ్చును చూశాడు. నేను చెప్పిందేమిటని మేడంను అడిగాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పింది. ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు.

ఎజ్రా దూరంగా బెంచీ మీద నుంచి, పడిందా అని సైగ చేశాడు. పడింది.

డిసెంబరు 8

కాగితాన్ని నాయన రాడ్‌తో పాటు పంచెలో చుట్టాను.

గ్రౌండుకు పోతే పలక అక్కడే ఉంది. శుక్రవారం హడావుడిలో మరిచిపోయినట్టున్నాను. దాని మీద ఎవరో సుద్దతో నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు గీశారు. బొల్లి అది, పరీచ్చ పాసయ్యింది అదే గదా అంది శంకరమ్మ.

తుడవలేదు.